ముందుగది సోఫా

"వీపుతో కాదురా, మోకాళ్లతో ఎత్తు!"

గుమ్మంలో నాన్న గొంతు వినగానే రోకో గుండె జారింది. ఎత్తిన చేతుల్లోంచి డాన్సు జోడీ లొరెడానా కూడా జారి, ప్లాస్టిక్ కవరు తొడిగిన తెల్ల సోఫా మీద చతికిలబడి పకపకా నవ్వింది.

చర్చి ఫాదర్ వస్తే తప్ప అమ్మ తలుపు తియ్యని ముందుగది అది. ఆ బ్రూక్లిన్ ఇంట్లో వంటా తిండీ అన్నీ కింద సెల్లార్లోనే. కానీ ఈ ఆదివారం సాయంత్రమే డిస్కో పోటీ. ఇంటి మొత్తానికి నున్నటి నేల ఇదొక్కటే.

"ఇది డాన్సు నాన్నా, నీకు తెలీదు."

"ముప్పై ఏళ్లుగా సిమెంటు బస్తాలు ఎత్తుతున్నా. నాకు తెలీదా?"

"నేను బస్తానా అంకుల్?" లొరెడానా మూతి ముడిచింది.

ఇంతలో టొమాటో సాసు కలుపుతున్న గరిటెతోనే అమ్మ మెట్లెక్కి వచ్చేసింది. "నా గదిలో గంతులేంట్రా? కాళ్లు విరగ్గొడతా!"

నాన్న మోకాళ్లు వంచి, ఆవిడ నడుం పట్టి, ఒక్క ఊపున గాల్లోకి లేపాడు. సిమెంటు అంటిన బట్టల్లో వీధిలో ఎదురైతే రోకో సిగ్గుపడి తప్పుకు తిరిగే నాన్న! ఆ చేతులు కాస్తయినా వణకలేదు. రోకో నోరు తెరుచుకుని ఆ మోకాళ్లనే చూస్తున్నాడు.

గరిటెలోంచి ఎర్రటి సాసు సోఫా మీద టపటపా రాలింది.

"దించెయ్యనా ఫిలోమెనా?" నాన్న గొంతు పీలగా వచ్చింది.

అమ్మ పైనుంచి సోఫాకేసి చూసింది.

"కవరు వేసింది అందుకేగా! నన్ను తిప్పు!"