చెయ్యెత్తి చెప్పండి

"ఇంకొక్క పావుగంట ఆగండి మాస్టారూ, వచ్చేస్తారు," అంది ఆయా, తలుపు దగ్గర నుంచి కదలకుండా.

ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి మాస్టారు తలూపాడు. రెండోసారి గడియారం చూసుకున్నాడు. ఈసారి పక్కనున్న గుమాస్తా కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు, అందరూ పార్కు పక్క మేడల వాళ్ళే. వెనక వరసల్లో కుర్చీలన్నీ ఖాళీ. తన వీధి వాళ్ళ కోసమని వాటిని తుడిచి వేసింది ఆయానే. వార్డు ఆఫీసు ఊడ్చే మనిషికి ఆదివారం సెలవు. అయినా ఇవాళ ఎవరూ పిలవకుండానే పొద్దున్నే వచ్చింది.

ఎందుకు రాదూ? ఆమె అడిగేది మేడా మిద్దే కాదు, కాలువ మీద మనుషులు నడిచేపాటి వంతెన. ఇప్పుడున్నవి రెండు దుంగలు. పిల్లలు వాటి మీంచే బడికి పోవాలి. చుట్టుదారిన పోతే రెండు గంటల నడక. పోయిన వానాకాలం ఆమె చిన్నకూతురు జారి పడితే, వెనకాల వస్తున్న దర్జీ జుట్టు పట్టుకుని లాగాడు కాబట్టి బతికింది. ఆనాటి నుంచి పిల్ల బడికెళ్ళి ఇంటికొచ్చేదాకా తల్లి ప్రాణం ఉగ్గబట్టుకునే ఉంటుంది.

ఎన్నికల్లో ముగ్గురు నిలబడ్డారు. పాలనలో ప్రజలకూ చోటిస్తామని ముగ్గురూ అన్నవాళ్ళే. కంట్రాక్టరు సలహాల పెట్టె పెట్టిస్తానన్నాడు. లాయరమ్మ కమిటీ వేస్తానంది. అందులో ఎవరుంటారమ్మా అంటే చదువుకున్నవాళ్ళు అంది. రిటైరైన మాస్టారు ఒక్కడే, ఏ పని ముందో మీరే చెయ్యెత్తి చెప్పండి, ఎక్కువ చేతులు దేనికి లేస్తే ఆ పనే చేస్తాను అన్నాడు. వీధి వీధంతా ఆయనకే ఓటు గుద్దింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని దర్జీ గొణిగాడు గానీ, మాస్టారు ఆ బాపతు కాదు. గెలిచిన మూడో నెలలోనే సభ పెట్టాడు. మాకు వినపడలేదన్న మాట ఎవరి నోటా రాకూడదని ఆఫీసు కప్పు మీద మైకు కూడా కట్టించాడు.

ఆయా ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, ఒట్టు వేయించుకుంది. వస్తాననని వాడు లేడు. పాలామె అయితే, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తనైనా లాక్కొస్తాను చూడక్కా అంది.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. రెండు గంటలు దంచి కొట్టి, ఇప్పుడిప్పుడే తెరిపిచ్చింది. వాన వెలిసినా వీధి నుంచి ఒక్క పురుగు రాలేదు. దర్జీకి ఫోను చేస్తే ఎత్తాడు గానీ ఏదో హోరు తప్ప మాట వినపడలేదు. మళ్ళీ చేస్తే ఎత్తనే లేదు. నాలుగు చినుకులు పడేసరికి అంతా ముసుగు తన్ని పడుకున్నారన్నమాట, పిల్ల నాది గానీ వాళ్ళది కాదుగా అనుకుంది. ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

మాస్టారు లేచాడు. ఆయా గబగబా సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నలభై ఇళ్ళ వాళ్ళ సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయండీ. వీటినైనా లెక్కలో వేసుకోండి."

మాస్టారు కాగితం చివరిదాకా చదివాడు. ఆయన ముఖంలో ఉన్నది నిజమైన బాధే.

"దొంగ సంతకాలతోనే కదమ్మా ఇన్నాళ్ళూ ఈ వార్డును తినేశారు. హాల్లో లేచిన చెయ్యే లెక్క అని ఓట్లడిగినప్పుడే చెప్పాను. ఇవాళ నీ కోసం మారిస్తే రేపు ఇంకొకడు సంచెడు కాగితాలు తెస్తాడు."

ఆ నియమం విని అప్పట్లో చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టినవాళ్ళలో తనూ ఉంది.

ముందు పార్కులో నడకబాట అడిగారు. ముప్పై ఒక్క చేతులు లేచాయి. తరువాత గుమాస్తా మైకులో, కాలువ వంతెన కావాలనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఆయా చెయ్యెత్తింది. ఏమీ పాలుపోక రెండోదీ ఎత్తింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా కాగితం మీద ఒకటి వేశాడు.

మాస్టారికి మనసొప్పలేదు. మైకు తనే అందుకుని మరోసారి అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు, పాపం. లెక్క తేలేదాకా ఎత్తిన చెయ్యి దించకండి అని కూడా అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే. ఆయన మైకు ఆపేసి, ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మీ వీధికే అక్కర్లేని వంతెన నేనెలా కట్టనమ్మా? వచ్చే ఏడు సభలో చూద్దాం."

వచ్చే ఏడు. ఈలోగా ఒక వానాకాలం మొత్తం ఉంది. ఆయా చీపురు మూలకి విసిరేసి, కుర్చీలు ఎక్కడివక్కడే వదిలేసి బయటపడింది. ఎవరినేమనాలో తోవలోనే కూర్చుకుంది. పాలామె సంగతి తరువాత. ముందు ఆ దర్జీ ముఖం మీదే అడగాలి, నా పిల్ల జుట్టు నీ చేతికి మళ్ళీ దొరుకుతుందనుకున్నావా అని. కళ్ళు తుడుచుకుంటూ, ఆఫీసు వెనక సందు తిరిగి, కాలువ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

దుంగలు లేవు. ఎర్రటి నీళ్ళు గట్లు ఒరుసుకుంటూ పోతున్నాయి.

అవతలి గట్టు మీద వీధి వీధంతా, ఎత్తిన చేతులు దించకుండా నిలబడి ఉంది.