ఇరుక్కున్న బండి

"ముట్టుకోకు! నీ చెయ్యి తగిలితే ఉన్నది కూడా పోతుంది" అని హరలాంబియె భార్య మీద కసిరాడు.

ప్రింటర్ మీద ఎర్రదీపం ఆరుతూ వెలుగుతోంది. కంప్యూటర్ తెర మీద ఒకటే మాట: 'క్యారేజీ జామ్'. ఇంకు డబ్బాలను మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తాల్సిన బండి కుడివైపు మూలలో ఇరుక్కుని కీచుమంటోంది. హరలాంబియె దాని నెత్తిన రెండు చరుపులు చరిచాడు. అది మరింత గట్టిగా కీచుమంది.

ఆరు గంటలకు అపార్ట్‌మెంట్ వాళ్ళ సమావేశం. అప్పుడే అయిదుంబావు. ఈలోగా ఇంటికొకటి చొప్పున పద్దెనిమిది కాపీలు తియ్యాలి. నాలుగో అంతస్తు వెతూరియాను అధ్యక్షురాలి పదవి నుంచి దింపెయ్యాలంటూ ఆయన మూడు రోజులు కూర్చుని రాసిన పత్రం అది. ఆయన బ్రాయిలా రేవులో ఓడల ఇంజినీరుగా రిటైరైన మనిషి. వెతూరియా బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు బతుకంతా గడిపిన మనిషి. ఆమె సంతకంతో గోడమీద నోటీసు కనబడినప్పుడల్లా ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"పోనీ, తెలిసినవాళ్ళనెవరినైనా పిలవనా?" అంది భార్య సెవస్తిత్సా.

"ఎవరినో ఒకరిని తగలెయ్యి. తొందరగా!"

అయిదు నిమిషాల్లో ఆమె వెతూరియాను వెంటబెట్టుకుని వచ్చింది. హరలాంబియె గబుక్కున తెర ఆర్పేసి, భార్య చెవిలో బుసకొట్టాడు.

"ఈవిడ తప్ప ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా నీకు?"

"ఈ బిల్డింగులో మిషన్ల సంగతి తెలిసింది ఆవిడొక్కరికే కదండీ."

వెతూరియా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కళ్ళజోడు పెట్టుకుంది. "ఏం ఇంజినీరు గారూ, మొండికేసిందా?"

"ఇది కుట్టుమిషను కాదమ్మా, దారం ఎక్కించి తిప్పడానికి."

"అవునండీ, దారం ఎక్కడా కనబడటం లేదు" అంటూ ఆమె వంగి, గోడకున్న ప్లగ్గు పీకేసింది. "కరెంటు తియ్యకుండానే కొట్టారా దీన్ని?"

"నేను ఓడల ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. నాకు చెబుతున్నావా?"

"ఓడలు దెబ్బకు భయపడి కదిలేవేమో. ఇది కదలదు."

సెవస్తిత్సా నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

వెతూరియా మూత ఎత్తి, టార్చి వేసింది. ఒంటి వేలితో బండిని మెల్లగా ఎడమకు నెట్టింది. బెత్తెడు దూరం జరిగి ఆగిపోయింది. జేబులోంచి పట్టకారు తీసి, బండి నడిచే ఇనుప కడ్డీ కిందనుంచి ఏదో లాగి అరచేతిలో వేసుకుంది. పొద్దుతిరుగుడు గింజ తొక్క. కంప్యూటర్ పక్కన గిన్నెడు గింజలూ, వాటి చుట్టూ ఉమ్మేసిన తొక్కలూ ఉన్నాయి.

"గాలికి ఎగిరొచ్చి పడుంటుంది" అన్నాడు హరలాంబియె.

"పాపం, గాలి కూడా చదువుకోలేదు" అందామె.

బండి వెనకాల సాగదీసి ఉన్న సన్నటి ప్లాస్టిక్ పట్టీని తడిబట్టతో తుడిచింది. ఇంకు డబ్బాలను ఒక్కొక్కటీ తీసి, టక్కుమనేదాకా నొక్కి పెట్టింది. మళ్ళీ నెట్టి చూస్తే బండి ఈ చివరనుంచి ఆ చివరకు జారిపోయింది.

సెవస్తిత్సా చిన్న పళ్ళెంలో చెర్రీపండ్ల మురబ్బా, గ్లాసుతో చల్లటి నీళ్ళు తెచ్చింది.

"మర్యాదలు కూడానా!" అని గొణిగి, హరలాంబియె వెతూరియాతో అన్నాడు. "ఇక మీరు దయచేయొచ్చు. మిగతాది నేను చూసుకుంటాను."

"నడుస్తోందో లేదో చూడకుండా ఎలా వెళ్తానండీ?"

ఆయన అడ్డం వచ్చేలోపే ఆమె ప్లగ్గు పెట్టేసింది. అప్పటిదాకా ఆగిపోయి ఉన్న కాపీలు వరసగా బయటికి రావడం మొదలైంది. హరలాంబియె చెయ్యి చాపాడు. మొదటి కాగితం అప్పటికే వెతూరియా చేతిలో ఉంది.

'శ్రీమతి వెతూరియాకు చదువు లేదు. నలుగురిలో మాట్లాడే తీరు తెలియదు. నాలాంటి చదువుకున్నవాడు ఉండగా ఒక కుట్టుపనిమనిషి మనమీద పెత్తనం చెయ్యడం ఈ భవనానికే అవమానం. ఆమెను వెంటనే తొలగించి, ఆ పదవి నాకివ్వాలి.'

సెవస్తిత్సా ఆమె భుజం మీదుగా తొంగి చూసి చదివింది. "నాకు తెలియదు వెతూరియా, ఒట్టు" అంది.

హరలాంబియె మాత్రం గడ్డం పైకెత్తాడు. "చదివారుగా. ఉన్నదే రాశాను."

వెతూరియా మురబ్బా పూర్తిగా తింది. నీళ్ళు తాగింది. "ఒక కాపీ తీసుకుంటాను" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

"చూశావా? నోట మాట లేదు!" అని హరలాంబియె భార్య ముందు మీసం దువ్వాడు. ఆమె ఖాళీ పళ్ళెం, గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆరింటికి కింద బట్టలారేసుకునే గదిలో పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ ఎవరి పీట వాళ్ళు తెచ్చుకుని కూర్చున్నారు. హరలాంబియె లేవబోయాడు. అంతకుముందే వెతూరియా లేచి ఆ పత్రాన్ని తానే చదివింది, ఒక్క అక్షరం మింగకుండా.

"ఇంజినీరు గారు రాసినట్టే చేద్దామా?" అని అడిగింది.

అన్ని చేతులూ లేచాయి. అందరికంటే ముందు లేచింది సెవస్తిత్సా చెయ్యి. హరలాంబియె ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఏమమ్మా, ఇప్పుడేమంటావ్?"

వెతూరియా వచ్చి ఆయన ఒళ్ళో తాళాలగుత్తి పడేసింది.

"నన్ను దింపెయ్యండి బాబోయ్ అని ఆరేళ్ళుగా మొత్తుకుంటుంటే, 'నీకంటే చదువుకున్నవాణ్ణి చూపించు, అప్పుడు చూద్దాం' అన్నారండీ వీళ్ళు, పనిముట్ల పెట్టె మెట్ల కింద ఉంది, మూడో అంతస్తులో మరుగుదొడ్డి పొంగుతోంది, అధ్యక్షుడు గారూ!"