మూడో మెట్టు

"మళ్ళీ ఫ్రక్టోకైనేజ్ అన్నావా! ముందున్న ఫాస్ఫోని ఎక్కడ మింగేశావు?"

"ఆకలేసింది టీచరమ్మా."

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. కణంలో గ్లూకోజు విరగడానికి పది మెట్లు, మెట్టుకో ఎంజైము. పొడుగని ఆమె పిలుచుకునే ఈ అబ్బాయి మొదటి రెండూ చకచకా ఎక్కి, మూడోదైన ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ దగ్గర బోర్లాపడతాడు. నెల రోజులుగా ఇదే తంతు.

ఆమె ఈ కాలేజీలో చేరిందే ఈ ఏడు, నేరుగా ఆఖరి సంవత్సరంలోకి. మార్కులు చూసి, రెండో ఏడు బయోకెమిస్ట్రీ తప్పినవాళ్ళకు సాయంత్రాలు ల్యాబులో పాఠం చెప్పమంది మేడమ్. ఆరుగురు వచ్చారు. వారం తిరిగేసరికి తన ఏడాదే, పక్క సెక్షన్‌లో చదివే పొడుగొక్కడే మిగిలాడు. ఒకసారి ఏడో మెట్టు దగ్గర ఆమే తడబడితే ఎంజైము పేరు అందించాడు. గుడ్డిగా తగిలిందిలే అనుకుంది.

"మూడో మెట్టు దాటితే గ్లూకోజు వచ్చిన దారిన వెనక్కి పోలేదన్నావుగా?" అన్నాడు పరీక్ష ముందురోజు, టెస్ట్‌ట్యూబులు కడుగుతూ.

"అయితే?"

"అందుకే అక్కడ ఆగిపోతున్నానేమో."

"కబుర్లు ఆపి చదువు."

ఆ మాట అన్నందుకు తనను తానే తిట్టుకుంది. రేపటితో ఈ సాయంత్రాలు సరి. పాసైనా వస్తూ ఉండమని చెప్పాలని ఎంత ఉందో! కానీ ఏ వంకన రమ్మనాలి? అతను నవ్వేస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి?

"ఫెయిలైతే మళ్ళీ చెబుతావా?"

"ఆ మాటనకు. పాసవుతావు," అంది.

పరీక్షయ్యాక అతను రాలేదు. వరండాలో ఎదురైతే ఏదో అనబోయి, తలూపి వెళ్ళిపోతున్నాడు. ఆమె మాత్రం రోజూ ల్యాబు తెరిచి, చీకటిపడేదాకా తలుపు వైపు చూస్తూ కూర్చునేది.

ఫలితాలొచ్చాయి. పాసైనవాళ్ళలో అతని పేరు లేదు. గుండె గంతేసింది. ఆ వెంటనే తన సంతోషానికి తనకే సిగ్గేసింది. మేడమ్ గదికి పరుగెత్తింది.

"మేడమ్, పక్క సెక్షన్ పొడుగబ్బాయి తప్పాడా? చాలా కష్టపడ్డాడండీ. మళ్ళీ మొదటినుంచీ నేనే చెబుతాను."

"ఎవరికి? వాడికా?"

మేడమ్ కళ్ళజోడు తీసి ఆమె వంక వింతగా చూసింది.

"నిరుడు ఆ పేపర్లో కాలేజీ ఫస్టు వాడేనమ్మా!"