పసుపు గీత

"గీత దాటావో, ప్రాక్టికల్స్‌లో సున్నా వేస్తాను!"

మాస్టారి కేకకి ఆ అమ్మాయి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

ఇనుముని తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ చుట్టూ నేల మీద వేసిన పసుపు గీత అది. లోపల మెకానిక్ తాత, బయట విద్యార్థులు. పేరుకి ఇంజనీరింగ్ కాలేజీ. పిల్లలు తాకితే ఇనుము అరిగిపోతుందన్నట్టు ఉంటుంది అక్కడి వరస. మాస్టారు గీత ఇవతలే నిలబడి, పొడుగాటి కర్రతో "ఇది చక్కు, ఇది టూలు" అని చూపిస్తారు. తాత తిప్పుతాడు. వీళ్లు రాసుకుంటారు. అదీ చదువు.

"ఇదే ఆఖరి ల్యాబు సార్. ఒక్కసారి నన్ను తిప్పనివ్వండి."

"వేలు తెగితే మీ నాన్నకి ఎవరు చెప్పాలి? నువ్వా, నేనా?"

"తెగినా ఇంకా తొమ్మిదుంటాయి కదా సార్," వెనక నుంచి ఎవడో అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

ఆమె నవ్వలేదు. "రేపు నన్ను ఇంజనీరంటారు సార్. ఒక్క ఇనపముక్కైనా నా చేత్తో నునుపు చెయ్యకుండా ఎలా పోను?"

మాస్టారి మొహం అదోలా అయింది. కర్ర దించేసి, మిషన్ వైపు చూశారు.

"నేను పక్కనే ఉంటాగా సార్," అన్నాడు తాత.

"సరే. ఒక్క కోతే. వాచీ తీసెయ్. జుట్టు ముడేసుకో."

ఆమె గీత దాటింది. తాత తన కళ్లద్దాలు తీసి ఆమెకి పెట్టాడు. తుప్పుపట్టిన ఇనపముక్కని పట్టుకున్న చక్కు గిర్రున తిరిగింది.

"పిడిని అంత బిగించి పట్టుకోకు తల్లీ, అదేం పారిపోదు. మెల్లగా... ఆఁ, అలాగ!"

టూలు తగలగానే ఇనుము కిర్రుమంది. పొట్టు ఉంగరాలు తిరుగుతూ రాలింది. మిషన్ ఆగేసరికి తుప్పుముక్క కాస్తా తళతళలాడుతోంది. ఆమె దాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. ఇన్నాళ్లూ దూరం నుంచి చూసింది దీన్నేనా అనిపించి కళ్లు చెమర్చాయి.

బెల్లు మోగింది.

"అందరూ పదండి. నువ్వు మాత్రం ఆగు," అన్నారు మాస్టారు.

సున్నా ఖాయమనుకుంది. వెళ్లి తాత పక్కన నిలబడింది.

అందరూ వెళ్లేదాకా చూసి మాస్టారు కర్ర గోడకి ఆనించారు. వాచీ విప్పి జేబులో వేసుకున్నారు. గీత దాకా వచ్చి ఆగిపోయారు.

"నేను చదివినప్పుడూ మమ్మల్ని ఇక్కడే ఆపారమ్మా. తర్వాత చేతికి కర్ర ఇచ్చారు," అన్నారు గొంతు తగ్గించి. "ముందు చెయ్యి ఎక్కడ పెట్టాలో... నాకూ కాస్త చూపిస్తావా?"