తడి గోడల బడి

గుండుసున్నా పంతులు లేకపోతే మేస్త్రి ఈపాటికి ఏ ఆఫీసు కుర్చీలోనో కూర్చుని ఉండేవాడు. ఒకటో తరగతిలో అతని పలక చూసి, దాని మీద పెద్ద సున్నా చుట్టి, "నీ బుర్రకి అక్షరం ఎక్కదురా, పోయి మట్టి పిసుక్కో" అన్నాడా మహానుభావుడు. మేస్త్రి పోయి మట్టే పిసికాడు. తర్వాత సిమెంటు పిసికాడు. నలభై ఏడేళ్లొచ్చినా ఆ మాట మాత్రం చెవిలోంచి పోలేదు.

ఇప్పుడు చదువుతో పనేముందంటే, ఒక్కటే ఉంది. అమ్మ ఉత్తరం.

పోయేముందు అమ్మ పెన్సిలుతో రాసి అతని చేతిలో పెట్టిన కాగితం అది. అమ్మ చదివింది రెండో తరగతే. ఆ రోజు బావ తన బొంగురు గొంతుతో చదివి వినిపించాడు. మూడు వాక్యాలు. వేళకు తిను. ఎండలో తలకు గుడ్డ కట్టుకో. బావ మాట దాటకు. మేస్త్రికి అవి కంఠతా వచ్చు. అయినా అమ్మ మాటను అమ్మ రాతలో తనే చదువుకోవాలని ఆశ.

"నా దగ్గర పెట్టరా, ఎలుకలు కొట్టేస్తాయి" అని బావ ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. పైవాళ్ల చేత చదివించుకోనూ లేదు. "ఇంటి గుట్టు వీధిలో పెడతావా?" అని బావే కోప్పడ్డాడు. అక్కదీ తనలాగే వేలిముద్ర. కరెంటు బిల్లు దగ్గర్నుంచి అన్నీ బావే చదివిపెడతాడు. వేలిముద్ర ఎక్కడ వేయాలో కూడా ఆయనే చూపిస్తాడు.

ఆ బావే ఇప్పుడు అమ్మ ఉన్న పెంకుటిల్లు పడగొట్టి రెండంతస్తులు కడుతున్నాడు. గోడల సిమెంటు పూత మేస్త్రిది. కూలి లేదు. అయినవాళ్ల దగ్గర కూలేమిటి?

ఆదివారం ఉదయాలు గ్రంథాలయం మేడ మీద రిటైరైన పోస్టుమాస్టరమ్మ పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పుతోంది. మేస్త్రి వెళ్లాడు కానీ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"నాకు చదువు రాదమ్మా."

"ఇంకా రాలేదు, అనండి."

"రెండూ ఒకటే కదమ్మా?"

"సగం కట్టిన ఇంటిని చూసి ఇల్లు లేదంటారా, ఇంకా పూర్తవలేదంటారా?"

మేస్త్రి లోపలికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

ఆవిడ దగ్గర చిట్కాలకు కొదవ లేదు. వారానికి ఏడక్షరాలు, రోజుకొకటి. ఎనిమిదోది అడిగినా చెప్పదు. తప్పు రాస్తే కొట్టేయనివ్వదు. "నిన్నటి తప్పు పక్కన ఇవాల్టి తప్పు పెట్టి చూడండి, ఎంత చిక్కిపోయిందో" అంటుంది. జేబులో పెన్ను లేకపోతే రానివ్వదు.

"నీకు రాదు అని చెవిలో వినిపించినప్పుడు, ఆ గొంతు ఎవరిదో పట్టుకోండి. పట్టుకుంటే దాని బలం సగం పోతుంది" అందొకసారి.

మేస్త్రి పట్టుకోబోయాడు. చిత్రం. పంతులుది కీచు గొంతు. చెవిలో వినిపించేదేమో బొంగురుగా ఉంది. నలభై ఏళ్లు కదా, ముదిరిందేమోలే అనుకున్నాడు.

పలక కొనడానికి సిగ్గేసింది. అందుకని గోడ పట్టాడు. పూత వేశాక, తడి ఆరకముందే, తాపీ మొనతో ఆ రోజు అక్షరం రాసేవాడు. కిటికీ అంత ‘అ’. తలుపంత ‘క’. ఆపైన చెక్కతో రుద్ది చదును చేసేవాడు. వంటగదిలో అచ్చులు, హాల్లో హల్లులు, మెట్ల పక్కన ఒత్తులు. స్నానాలగదిలో ‘క్ష’ కోసం మూడుసార్లు పూత వేయాల్సి వచ్చింది.

ఒక రోజు రుద్దడం మరిచిపోయాడు. బావ చూశాడు.

"గోడ మీద ఏంట్రా ఆ పురుగులు?"

"‘మ’ బావా. అమ్మలో మ."

బావ కాసేపు నవ్వలేదు. తర్వాత గట్టిగా నవ్వాడు.

"నీ బుర్ర కాంక్రీటురా బావమరిదీ, మేకు దిగదు. ఈ వయసులో నీకెందుకీ యాతన? ఏ కాగితమొచ్చినా నేను లేనూ?"

"నువ్వెన్నాళ్లుంటావు బావా?"

"బాగుంది. నాలుగక్షరాలు రాకముందే నన్ను పంపించేస్తున్నావు."

ఆ వారం నుంచి బావ ఆదివారం కూడా పని పెట్టాడు. మేస్త్రి శనివారమే రెండు రోజుల పని చేసేసి, ఆదివారం మేడ ఎక్కాడు.

ఐదో నెలలో ఆఖరి గోడ పూర్తయింది. మధ్యాహ్నం అక్క కారియర్ తెచ్చింది. బావ పైన రంగులవాడితో బేరమాడుతున్నాడు. మేస్త్రి చేతులు కడుక్కుని, బొక్కెన బోర్లించి కూర్చుని, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు.

"అక్కా, అమ్మ ఉత్తరం చదువుతా, విను."

"నువ్వా?" అక్క నవ్వింది. కానీ కారియర్ మూత పక్కన పెట్టి దగ్గరికి జరిగింది.

చెవిలో బొంగురు గొంతు మొదలైంది. నీ వల్ల కాదురా.

"ఇంకా కాలేదు" అన్నాడు మేస్త్రి పైకే. ఆపైన కాగితం మీద వేలు పెట్టాడు.

"వే... ళ... కు... తిను."

అమ్మ అక్షరాలు వంకరగా ఉన్నాయి. కానీ పారిపోలేదు.

"ఎం... డలో... తలకు గుడ్డ కట్టుకో."

"అచ్చం అమ్మ పిలిచి చెప్పినట్టే ఉందిరా" అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

"మూడోది చదవక్కర్లేదు, నోటికొచ్చు" అంటూనే మేస్త్రి వేలు జరిపాడు. నోటికొచ్చినదానికీ కాగితం మీదున్నదానికీ పొడవు కుదరలేదు. తప్పు తనదే అనుకుని మళ్లీ మొదటి నుంచి కూడబలుక్కున్నాడు. మెట్లు దిగుతున్న బావ చెప్పుల చప్పుడు సగంలో ఆగింది.

"కా... గితాలు బావకిచ్చాను, అడిగి తీసుకో నాయనా, ఈ ఇల్లూ దీని కింద నూట ఎనభై ఆరు గజాల నేలా నీకే."