మూడో కంచం

సాయంత్రం ఐదున్నరకు మలాకీ గేనన్ తన కిటికీలో దీపం పెట్టాడు. దాంతో మా కిల్‌రోవన్ ఊళ్లో సగం వీధి బయటికొచ్చి నిలబడింది.

మామూలు దీపం కాదు. టర్నిప్ దుంపను దొలిచి, కళ్లూ పళ్లూ చెక్కి, లోపల కొవ్వొత్తి వెలిగించాడు. హాలోవీన్‌కి ఊరంతా గుమ్మడికాయలే పెట్టుకుంది. కొట్లో దొరికేవి అవే. మలాకీ మాత్రం పాత పద్ధతే కావాలన్నాడు.

అన్నది ఎవరు? ఈ పండగ ఎంత అపవిత్రమో నలభై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి చెప్పిన మలాకీ! క్రీస్తు పేరు ఈ నేల మీద వినపడకముందు, పంటలు ఇంటికి చేరాక, చలికాలం మొదట్లో జరుపుకున్న పండగ ఇదనేవాడు. ఆ రాత్రి చనిపోయినవాళ్లు సొంత ఇంటికి భోజనానికి వస్తారని ఆ కాలంవాళ్లు నమ్మేవారట. కిటికీలో దీపం పెట్టి, తలుపు గడియ తీసి, కంచంలో వడ్డించి ఉంచేవారట. తిట్టడానికే నేర్చుకున్నాడు గానీ, ఒక్క ముక్క మర్చిపోలేదు.

పక్కింటి బ్రీజ్ ఊరుకునే మనిషి కాదు. ప్రహరీ మీంచి తొంగిచూసింది.

“ఏం మలాకీ, చాక్లెట్లకని వచ్చిన మా పిల్లల చేతుల్లో నరకం గురించి కరపత్రాలు పెట్టి పంపినవాడివి. ఇవాళ నువ్వే దయ్యాల్ని పిలుస్తున్నావా?”

“పిలవాల్సినవాళ్లనే పిలుస్తున్నా. మనవల్ని పంపు. ఈసారి చాక్లెట్లే” అన్నాడు.

ఆ వారం అతను రెండు ఉత్తరాలు పోస్టు చేశాడు. ఒకటి తను ఇన్నాళ్లూ ప్రచారం చేసిన మత సంఘానికి, ఇక అందులోంచి తప్పుకుంటున్నానని. రెండోది ఎవరికో పోస్టాఫీసులో ఎంత కూపీ లాగినా చెప్పలేదు.

బల్ల మీద మూడు కంచాలు పెట్టాడు. ఉడికించిన బంగాళాదుంపలూ క్యాబేజీ కలిపి మెదిపి, మధ్యలో గుంట చేసి వెన్న వేశాడు. ఈ పండగ ఆనవాయితీ ప్రకారం ఎండుద్రాక్షల రొట్టెలో ఉంగరం కూడా దాచాడు. తండ్రి కాలం నుంచీ వాళ్లది ఏ పండగా చెయ్యని ఆ సంఘమే. అరవై రెండేళ్లకి ఇది మొదటి పండగ. అయినా వెనకాడలేదు.

ఆరింటికి తమ్ముడు ఫింటన్ వచ్చాడు. ఇప్పుడు సంఘానికి అతనే పెద్ద. చేతిలో మలాకీ రాసిన ఉత్తరం ఉంది.

ఇది ఇంకా ఎవరికీ చూపించలేదన్నాడు. దీపం ఆర్పేసి కంచాలు తీసేస్తే ఇక్కడే చింపేస్తానన్నాడు. లేదంటే ఆదివారం సభలో చదవక తప్పదు. చదివాక సంఘంలో ఎవరూ మలాకీతో మాట్లాడరు, తోడబుట్టినవాడితో సహా.

“నాకు నువ్వు తప్ప ఎవరున్నారన్నయ్యా?” అన్నాడు. నటన కాదది.

ఫింటన్ బల్ల వైపు చూశాడు. ఒకటి మలాకీది. ఒకటి పదేళ్ల కిందట క్యాన్సర్‌తో చనిపోయిన భార్య నోరీన్‌ది.

“అది వదినది. సరే. మూడోది ఎవరికి?”

“సోర్చకి.”

ఫింటన్ మొహం మాడిపోయింది.

సోర్చ మలాకీకి ఒక్కగానొక్క కూతురు. ఆరేళ్ల కిందట ఒక ఆదివారం సంఘం సభలో ఆమె పేరు మీద నాలుగు వాక్యాలు చదివారు. అంతే. పువ్వుల్లేవు, పలకరింపుల్లేవు, సమాధి లేదు. ఆ సాయంత్రమే మలాకీ గోడల మీది ఆమె ఫొటోలన్నీ దించేశాడు. ఏడవకూడదు, ఆ పేరెత్తకూడదు. సంఘం నియమం అది.

“మనకి సోర్చ లేదన్నయ్యా. ఆరేళ్లయింది. ఒప్పుకో.”

“ఒప్పుకున్నాను. ఆరేళ్లూ నోరు మూసుకుని ఒప్పుకున్నాను. అందుకేరా ఈ పండగ. చనిపోయినవాళ్లు ఇంటికి రావడానికి ఏడాదికి ఇదొక్క రాత్రే కదా.”

“రాదు.”

“రాకపోవచ్చు. నేను చేసినదానికి రాకపోయినా తప్పులేదు. కంచం మాత్రం తియ్యను.”

ఫింటన్ ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆదివారం గట్టిగా చదువు. వెనక వరసలోవాళ్లకి కూడా వినపడాలి” అన్నాడు మలాకీ.

తమ్ముడు గుమ్మం దగ్గర ఆగి అన్న భుజం మీద చెయ్యి వేశాడు. ఇదే ఆఖరిసారని ఇద్దరికీ తెలుసు. తర్వాత వెళ్లిపోయాడు.

బ్రీజ్ మనవలు వచ్చి చాక్లెట్లు దోచుకుపోయారు. ఆరున్నరకు డబ్లిన్ బస్సు చర్చి మలుపులో ఆగి, కదిలి వెళ్లింది. వాన పట్టుకుంది. కొవ్వొత్తి సెగకి టర్నిప్ మాడిన వాసన ఇల్లంతా నిండింది. దుంపల మీద వెన్న కరిగి, మళ్లీ గడ్డకట్టడం మొదలెట్టింది. మలాకీ నోరీన్ కంచం వైపు చూసి, నేనే చేశాను కదూ ఇదంతా, అన్నాడు. కళ్లనీళ్లు వచ్చాయి. ఈసారి తుడుచుకోలేదు.

గడియ తీసిన తలుపు మెల్లగా తెరుచుకుంది.

సంఘం విడిచి వెళ్లిపోయిందని, ‘ఈ రోజు నుంచి మనకు చనిపోయినట్టే’ అని ఆరేళ్ల కిందట మలాకీయే సభలో నిలబడి పైకి చదివిన ఆ కూతురు, తడిసిన కోటు తలుపు వెనక తగిలించి, అమ్మ కంచం పక్క కుర్చీ లాక్కుని, “ఉత్తరం అందింది నాన్నా, ఆకలేస్తోంది” అంది.