మునగాడు తెచ్చిన నీళ్ళు

మునగాడు తేలలేదు.

ఓడ మీద అందరూ సముద్రం వైపే చూస్తున్నారు. పొద్దున్నే పైకి రావలసిన యంత్రం జాడ సాయంత్రమైనా లేదు. మనిషెత్తు పసుపురంగు గొట్టం అది. ఎవరి సాయమూ లేకుండా నడిసంద్రంలో మునుగుతుంది. ఒక్కో లోతులో ఒక్కో సంచిలోకి నీళ్ళు పీల్చుకుంటుంది. పని కాగానే పైకి తేలి, ఎక్కడుందో కబురు పంపుతుంది. మునగడమే దాని ఉద్యోగం కాబట్టి ల్యాబులో వాళ్ళు ముద్దుగా మునగాడు అంటారు.

దాన్ని తయారుచేయించిన శాస్త్రవేత్తకూ ఒక ముద్దుపేరుంది. కడుగుడు మేడమ్.

ఆవిడ వెతికేది సముద్రపు నీళ్ళలోని ఇనుమును. చెరువంత నీళ్ళలో చిటికెడు కూడా ఉండదది. కంటికి కనిపించని నాచు ఆ కాస్త ఇనుముతోనే బతుకుతుంది. ఆ నాచును నమ్ముకుని చేపలు బతుకుతాయి. అంత సూక్ష్మమైన లెక్కలో పక్కవాడి జేబులో తాళంచెవి ఉన్నా తప్పే. అందుకని సంచుల్ని వారాల తరబడి ఆమ్లంలో నానబెట్టి కడిగిస్తుంది. అందరి చేతా ఉంగరాలు తీయిస్తుంది. తుమ్మినవాణ్ణి గది బయటికి పంపేస్తుంది.

"ఇంట్లో ఆమ్లంలో ముంచనిది నన్నొక్కణ్ణే," అంటాడు ఆవిడ భర్త, ఎవరు దొరికితే వాళ్ళతో.

ఓడ వట్టి చేతులతో తిరిగొచ్చింది. డైరెక్టర్ నీళ్ళు నమలలేదు.

"ఈసారి ఫలితాలు చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తారమ్మా. పైవాళ్ళ ఓపిక అయిపోయింది," అని తేల్చేశాడు.

మేడమ్ తిండి మానేసింది. నిద్రలో కూడా "తేలిందా?" అని అడుగుతోందని భర్త బెంగపెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు ఫోన్ మోగింది. అవతల చేపల పడవ నడిపే మనిషి.

"మేడమ్, మీదేదో పసుపు గొట్టం మా వలకి చిక్కిందండీ. దాని మీద ఈ నంబరుంటే చేశాను."

"లోపల సంచులున్నాయా? వాటిలో నీళ్ళున్నాయా?"

"నీళ్ళా?"

"అవునయ్యా, నీళ్ళే! అవి లేకపోతే నా ఇన్నేళ్ళ కష్టం..." ఫోన్ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చేసింది.

అవతల ఎవరో పెద్దావిడ గొంతు గుసగుసగా ఏదో అంది.

"ఊరుకోండి మేడమ్," అన్నాడు పడవాయన. "రేపొచ్చి చూసుకోండి. అన్నీ నిండుగానే ఉంటాయి."

మర్నాడు మేడమ్ అతని ఇంటికి పరిగెత్తింది. మునగాడి ఒళ్ళంతా సొట్టలు. లోపలి చిప్ తడిసి చచ్చిపోయింది. ఎప్పుడు మునిగిందో, ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పే దిక్కు లేదు. కానీ సంచులు మాత్రం పాలు తాగి పడుకున్న పసిపిల్లల్లా నిండుగా ఉన్నాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, ఒక్కోదాన్నీ ఎత్తి పెట్టెలో పడుకోబెట్టింది.

పడవాయన తల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఉప్పునీళ్ళకింత ఆరాటమా తల్లీ? మెట్లు దిగితే కావలసినన్ని."

"అలాంటివి కావు పెద్దమ్మా. ఇవి ఎవరి చెయ్యీ సోకని నీళ్ళు."

పడవాయన ఉన్నట్టుండి చిరిగిన వల బాగుచేసుకోవడంలో లీనమైపోయాడు.

ల్యాబులో లెక్క తేలింది. డైరెక్టర్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"వంద రెట్లు ఇనుమా? పైగా పైనా కిందా ఒకటే లెక్కా? ఎక్కడో మురికి కలిసిందమ్మా."

"మురికా? నా చేతిలోనా?"

ఆ మాట ఆవిడకు ఎక్కడో తగిలింది. మళ్ళీ కొలిచింది. గొట్టాల్ని పరీక్షించింది. తొడుగుల్ని పరీక్షించింది. ల్యాబులో గాలినీ వదల్లేదు. అన్నీ కడిగిన ముత్యాలే. ఇనుము మాత్రం దిగి రానంటోంది. చివరికి దిగొచ్చింది డైరెక్టరే.

పెద్ద సభలో మేడమ్ ఆ లెక్కలు చదివితే హాలంతా కలకలం రేగింది. ఒక ముసలి శాస్త్రవేత్త మాత్రం లేచి, "అన్ని లోతుల్లోనూ ఒకేలా ఎలా ఉంటుందమ్మా?" అని అడిగాడు.

"సముద్రం మనమనుకున్నట్టు పొరలు పొరలుగా లేదు సార్. చిలికినట్టు కలిసిపోయి ఉంది," అంది మేడమ్.

చప్పట్లు ఆగలేదు. ప్రాజెక్టు నిలబడింది. ఇంకో నాలుగు యంత్రాలు మంజూరయ్యాయి. ఆవిడ భర్త చాలా రోజుల తర్వాత మనసారా నవ్వాడు.

ఆ వారం సెలవు రోజునే మేడమ్ మెత్తటి దుప్పటి ఒకటి కొని పడవాయన ఇంటికి బయల్దేరింది. అతను సముద్రం మీదికి వెళ్ళాడు. పెద్దావిడ ఒక్కతే ఉంది. మేడమ్ దుప్పటి తీసి ఆవిడ భుజాల చుట్టూ కప్పింది.

"ఇదంతా మీ చలవే పెద్దమ్మా. మీరు అంత జాగ్రత్తగా చూసుకోబట్టే నేనీ రోజు తలెత్తుకు తిరుగుతున్నాను."

"అయ్యో, ఎంతమాట! ఫోన్లో ఆడపిల్ల అలా ఏడుస్తుంటే వింటూ ఊరుకుంటామా?"

"ఇంకో నాలుగు వదులుతున్నాం సముద్రంలోకి. ఏదైనా ఇటు కొట్టుకొస్తే మళ్ళీ మీరే దిక్కు."

పెద్దావిడ ముఖం వెలిగిపోయింది.

"దానికేం భాగ్యం తల్లీ, ఈసారి కూడా సంచులు ఖాళీగానే దొరికితే ఆ పాత ఇనప బాల్చీతోనే నింపేయనా, కొత్తది కొనమంటావా?"